కానుక సంచికి చప్పుడుండదు



రేడియోలో మీకు ఏదీ చూపించలేను, వినిపించగలను అంతే. అందుకే ఈ ప్రసంగాన్ని ఒక చప్పుడుతో మొదలుపెడతాను.

రెండువేల ఏళ్ల కిందటి యెరూషలేము దేవాలయం. ఆవరణలో 13 కానుక పెట్టెలు. వాటి ఆకారం బాకాలా ఉండేదని యూదుల పాత గ్రంథాలు చెబుతాయి. ఒక పెట్టె కట్టెల ఖర్చుకు, ఒకటి సాంబ్రాణికి, ఒకటి బంగారానికి. ఇలా దేని పెట్టె దానిది. అప్పట్లో కాగితం నోట్లు లేవు కదా! ఎవరెంత వేశారో తెలియాలంటే కన్ను పెట్టనక్కర్లేదు, చెవి పెడితే చాలు. ధనవంతుడు గుప్పిట విప్పితే గలగలమని పడేవి. ఆ గలగలల మధ్య ఒక పేద విధవరాలు వచ్చి రెండు కాసులు వేసింది. ఆ చప్పుడు ఎవరి చెవినా పడి ఉండదు. ఎదురుగా కూర్చున్న యేసు మాత్రం గమనించాడు. శిష్యులను దగ్గరికి పిలిచి, అందరికన్నా ఎక్కువ వేసింది ఈమేనని చెప్పాడు. మార్కు, లూకా ఇద్దరూ తమ సువార్తల్లో ఈ సంగతి రాశారు.

ఆ రెండు కాసుల విలువ ఎంతో లెక్క కడదాం. ఆ కాలంలో కూలి చేసుకునేవాడికి రోజుకు ఒక దేనారం ముట్టేది. రెండు కాసులూ కలిపితే అందులో 64వ వంతు. ఇవాళ మన దగ్గర రోజు కూలి 640 రూపాయలనుకుంటే, ఆమె వేసింది 10 రూపాయలు. ఒక కప్పు చాయ్ డబ్బులు. ఆమె చేతిలో ఉన్నదంతా ఆ పదే.

ఈ కథ నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. కానీ ఆ పూట ఆమె ఇంటికిపోయి ఏం తిని పడుకుందని అడిగినవాళ్లను ఒక్కరినీ చూడలేదు. ఈ ప్రశ్నను కొంగున ముడివేసుకుందాం. చివర్లో విప్పుదాం.

మాది జహీరాబాద్ పక్కన పల్లె. హైదరాబాదు నుంచి 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని పడమరకు వస్తే కర్ణాటక పొలిమేరకు ముందు వచ్చే పట్నం జహీరాబాద్. ఎర్ర నేలలు. చెరకు, అల్లం, కంది, జొన్న. సంతలో నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ చెవిన పడతాయి. ఈ చుట్టుపక్కల పల్లెల్లో మెథడిస్టు సంఘాలు చాలా ఉన్నాయి. నేను పెరిగింది అలాంటి ఒక సంఘంలోనే.

మా చర్చిలో కానుక పట్టేది సంచితో. రెండు కర్రపిడుల మధ్య కుట్టిన మెరూన్ రంగు మఖమల్ సంచి. పాట సాగుతుండగా అది వరసల్లోకి వస్తుంది. చేయి లోపలికంటా పెట్టి, గుప్పిట విప్పి, తీసేస్తాం. 10 రూపాయల బిళ్ల వేసినా, 500 నోటు వేసినా మఖమల్ పలకదు. ఆ వారం ఏమీ లేనివాడు కూడా గుప్పిట మూసి పెట్టి, తెరిచి తీయవచ్చు. పక్కవాడికి తెలియదు. ఎడమచేతికి కూడా తెలియకుండా కుడిచేత్తో ఇమ్మని కొండమీద ప్రసంగంలో ఒక మాట ఉంది. ఆ సంచి కుట్టించిన పెద్దమనిషి ఎవరోగానీ ఆ మాటను గుడ్డతో కుట్టించాడు.

ఇప్పుడు దీని పక్కన మన పెళ్లిని పెట్టి చూడండి. భోజనాలయ్యాక పందిట్లో ఒక బల్ల వేస్తారు, ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. ఫలానా ఊరి ఫలానావారు ఇంత చదివించారని మైకులో చెబుతారు. మన ఊళ్లలో కట్నాలు రాయించడం అంటారు. దాన్ని నేను తప్పు పట్టను. ఆ నోటుబుక్కు ఒక అప్పుల పద్దు. వాళ్లు మన పెళ్లికి 500 పెడితే, వాళ్ల పెళ్లికి మనం 500కు తగ్గకుండా పెట్టాలి. అది చుట్టరికం నడిచే పద్ధతి. కానీ దేవుడికిచ్చే కానుకలోకి ఈ నోటుబుక్కు వచ్చిందంటే చిక్కు మొదలవుతుంది. దేవుడు మనకు తిరుగు కట్నం బాకీ పడతాడా?

ఒకసారి ఒక చర్చికి పోయాను. ఊరు, పేరు వద్దు. కొత్త భవనానికి చందాలు. ఆరాధన అయ్యాక మైకులో పేర్లు చదివారు. లక్ష ఇచ్చిన ఆయన పేరుకు చప్పట్లు. యాభై వేల పేరుకు చప్పట్లు. కిందికి వచ్చేకొద్దీ చప్పట్లు సన్నబడ్డాయి. వంద రూపాయల దగ్గరకు వచ్చేసరికి చదివే ఆయన గొంతులో కూడా పస లేదు. నా ముందు వరసలో ఒక ముసలామె కూర్చుంది. తన పేరు రాకముందే కొంగు సర్దుకుని లేచి బయటికి పోయింది. ఆమె వేసిన కానుక చప్పుడు ఎవరూ వినొద్దని ఆమె కోరిక. మైకు ఆ మర్యాద ఉంచలేదు.

సంచికి చప్పుడుండకూడదు, సరే. మరి ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి ఒకదాన్నొకటి ఎరగకుండానే ఉండిపోవాలా? ఇక్కడ మా నాయనమ్మ సంగతి చెప్పాలి.

రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చిన కొత్తలు అవి. నేను జహీరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకునేవాణ్ని. ఊళ్లో నాయనమ్మ ఒక్కతే. పొయ్యి పక్కన ఆమెకు ఒక చిన్న మట్టికుండ ఉండేది, మీద మూకుడు. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. పిడికెడు బియ్యం కానుక అంటారు. తెలుగునాట చాలా సంఘాల్లో ఆడవాళ్లు ఇలా తీసిపెడతారు. ఈశాన్యాన మిజోరాం చర్చిల్లో 1910 నుంచి ఈ ఆనవాయితీ నడుస్తోంది. చేతిలో పైసా ఆడనివాళ్లు కూడా ఇవ్వగల కానుక ఇది. పైసలు మగవాడి జేబులో ఉంటాయి, బియ్యం మాత్రం ఆడదాని చేతిమీదుగా పోవాల్సిందే.

శనివారం మాపటికి మాకు వరసకు చిన్నమ్మ అయ్యే ఒకామె ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసేది. ఒక శనివారం నేను ఇంటి దగ్గరే ఉన్నాను. చిన్నమ్మ వచ్చి మూకుడు తీసింది. కుండలో చేయి పెట్టి కదిపింది. రోజుకు రెండు పిడికిళ్లు, వారానికి పద్నాలుగు. ఏళ్ల తరబడి ఎత్తుతున్న చేయి కదా, ఎంత ఉందో ఇట్టే తెలిసిపోయింది.

"ఏందత్తా, నాలుగు పిడికిళ్లు గూడ లెవ్వు. పొయ్యి ముట్టియ్యలేదా?"

"పానం మంచిగ లేదు బిడ్డా. ఒక్కదాన్నే, ఏం వండుకుంట తియ్యి."

చిన్నమ్మ ఆ నాలుగు పిడికిళ్లూ తీసుకోలేదు. సంచి గడపలో పెట్టి కూర్చుంది. నాయనమ్మ ఒళ్లు పట్టి చూసింది. అప్పటిదాకా ఇళ్లల్లో ఎత్తిన బియ్యంలోంచి రెండు సోలలు తీసి చాటలో పోసింది. తనే పొయ్యి ముట్టించింది.

బియ్యం తక్కువైతే కానుక తగ్గిందని చిన్నమ్మ అనుకోలేదు. ఆ ఇంట పొయ్యి ఎన్నిసార్లు వెలగలేదో లెక్కపెట్టింది. ఆ కుండ ఒక పద్దుపుస్తకం. దాన్ని చదవడం ఆమెకు వచ్చు. క్రైస్తవ విశ్వాసంలో డబ్బు ఇవ్వడమంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే నాకు ఈ కుండే గుర్తొస్తుంది. కానుక అనేది గడప దాటించే సాకు. ఇచ్చేవాణ్ని, తీసుకునేవాణ్ని ఒకరి గడపకు ఒకరిని చేర్చాలి. చేర్చలేదంటే ఎంత పోగైనా అది వట్టి పైకమే.

చిన్నమ్మకు తెలియదుగానీ, ఆమె చేసిన పనికి 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్నంలో పునాది పడింది. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడు జాన్ వెస్లీ. అక్కడ వాళ్లు కట్టుకున్న సమావేశ మందిరం మీద అప్పు మిగిలింది. ఎలా తీర్చాలా అని కూర్చున్నారు. సభ్యుడికి వారానికి ఒక పెన్నీ చొప్పున వేసుకుందామని ఒకరన్నారు. మనలో ఆ పెన్నీ కూడా లేనివాళ్లు ఎందరో ఉన్నారు కదా అని ఇంకొకరన్నారు. అప్పుడు కెప్టెన్ ఫోయ్ అనే ఆయన లేచి ఒక దారి చూపించాడు. అందరికన్నా పేదవాళ్లను పదకొండు మందిని తనకు అప్పగించమన్నాడు. వారం వారం వాళ్లింటికి తానే పోతానన్నాడు. ఇస్తే తీసుకుంటాడు, ఇవ్వలేకపోతే వాళ్ల పెన్నీ తానే వేస్తాడు. అలా పన్నెండేసి మంది చొప్పున సంఘాన్ని పంచుకున్నారు.

ఆ తరువాత జరిగింది ఎవరూ ముందుగా అనుకోనిది. పెన్నీ కోసం తలుపు తట్టినవాళ్లకు తలుపు వెనక కాపురాలు కనపడ్డాయి. ఒకచోట జబ్బు, ఇంకోచోట తగవు, మరోచోట తాగుడు. వాళ్లు వచ్చి వెస్లీకి చెప్పారు. తాను ఎన్నాళ్లుగానో వెతుకుతున్నది ఇదేనని ఆయనకు అనిపించింది. అప్పు వసూలు కోసం పుట్టిన ఏర్పాటు ఒకరి బాగోగులు ఒకరు చూసుకునే 'క్లాసు'గా మారి, మెథడిస్టు సంఘానికి వెన్నెముక అయింది. ఆ సంఘపు కొమ్మే సముద్రాలు దాటి వచ్చి మా ఎర్రనేలల్లో వేళ్లు పట్టింది.

వెస్లీ సొంత ఖర్చుల గురించి కూడా ఒక లెక్క చెబుతారు. వయసులో ఉన్నప్పుడు ఆయన సంపాదన ఏడాదికి 30 పౌన్లు. 28తో గడుపుకుని 2 ఇచ్చాడు. మరుసటి ఏడు 60 వచ్చాయి. అదే 28తో గడిపి 32 ఇచ్చాడు. ఆ పైన 90 వస్తే 62, 120 వస్తే 92. మనకు జీతం పెరిగితే ముందు ఇల్లు మారుస్తాం, తరువాత బండి మారుస్తాం. ఆయనకు పెరిగింది ఇచ్చే చేయి ఒక్కటే.

ఇక మన తెలుగు నేల మీదికి వద్దాం. ఈ విషయం మీద మన దగ్గర అందరికన్నా లోతుగా ఆలోచించినవారు దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. ఆయన పుట్టింది 1874లో, తమిళనాడు తిరునల్వేలి ప్రాంతంలో. 1903లో అక్కడి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. దాని నియమం ఒక్కటే. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, నడిపేదీ మనమే. ఇంగ్లండు చందా ఒక్క పైసా అక్కర్లేదు. తాటిచెట్ల ఊళ్లలో తమిళ సంఘాలు పోగుచేసిన అణాలతో ఒక మిషన్ను తెలుగు నేలకు, దోర్నకల్‌కు పంపారు. 1909లో అజరయ్య తానే మిషనరీగా అక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు.

అంతకు రెండేళ్ల ముందు, 1910లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. డబ్బు పంపేవాళ్లు, మిషనరీలను పంపేవాళ్లు అంతా అక్కడే ఉన్నారు. ఆ సభలో ముప్ఫై అయిదేళ్ల అజరయ్య లేచి మాట్లాడారు. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, భారతదేశం అది మరువదు. కానీ మాకు స్నేహితులు కావాలి, వాళ్లనివ్వండి అన్నది ఆయన మాట సారాంశం. సభలో కొందరికి అది ముల్లులా గుచ్చుకుంది. పెట్టెల కొద్దీ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకోకపోతే ఆ ఇచ్చిందేమిటి? మా చిన్నమ్మ గడపలో కూర్చోవడం లాంటిదే ఆయన అడిగినది.

అదే అజరయ్య తన సంఘాలను మాత్రం ఇవ్వమని గట్టిగా అడిగారు. దోర్నకల్ మండలంలో క్రైస్తవులు ఎక్కువమంది మాల మాదిగ వాడల కూలీలు. వీళ్లేం ఇస్తారని జాలిపడితే అది గౌరవం కాదని ఆయన ఉద్దేశం. ఎప్పుడూ పుచ్చుకునే చేయిగానే ఉంచితే మనిషి నడుం నిటారు కాదు. క్రైస్తవుల కానుకల మీద ఆయన ఏకంగా ఒక పుస్తకమే రాశారు.  

ఇచ్చేవాడి నడుం నిటారు కావడం చూడాలంటే మా కోత పండుగకు రావాలి. కందులు ఇంటికి చేరాక ఒక ఆదివారం. చర్చి ముందు భాగమంతా సంతలా ఉంటుంది. సంచి కందులు, జొన్న కంకులు, చెరకు గడలు, అల్లం, గుమ్మడికాయ, కాళ్లు కట్టిన కోడిపుంజు, గిన్నెలో నాలుగు గుడ్లు. ఆరాధన కాగానే వేలం. ఒక ముసలామె తెచ్చిన గుమ్మడికాయను ఒకాయన 300కు పాడతాడు. పాడి, తీసుకుపోయి మళ్లీ బల్లమీదే పెడతాడు. ఇంకొకరు 400కు పాడతారు. కోడిపుంజు మూడు చేతులు మారి మూడుసార్లు అమ్ముడుపోతుంది. మధ్యలో అది కూత పెడితే పాస్టరయ్యగారితో సహా అందరూ నవ్వుతారు. ఏడుస్తూ ఇవ్వొద్దు, ఎవరో బలవంతపెట్టారని ఇవ్వొద్దు, సంతోషంగా ఇచ్చేవాళ్లంటే దేవుడికి ప్రీతి అని అపొస్తలుడైన పౌలు కొరింథువాళ్లకు రాశాడు. ఆ మాటకు అర్థం నాకు ఆ కోడిపుంజు దగ్గర తెలిసింది.

కానుకకు ఒక చీకటి పక్క కూడా ఉంది, దాన్నీ చూడాలి. డబ్బుతో విశ్వాసాన్ని కొనవచ్చు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టి, దానికి బదులుగా మనసు అడగవచ్చు. ఈ అపవాదు మన దేశంలో క్రైస్తవుల మీద ఎప్పటినుంచో ఉంది. ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నాడు. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని ఎండగట్టిన ఘోర కరువు. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ అందులో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇప్పించాడు. కరువు నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్లమీద గానీ, తనమీద గానీ పడకూడదని. కరువు తెరిపినిచ్చాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మా పాత మెదక్ జిల్లాలోనే ఇంకో గుర్తు ఉంది. మెదక్ కథీడ్రల్. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ కట్టించాడు. కరువు రోజుల్లో ఆ కట్టడమే చుట్టుపక్కల ఊళ్లకు పని అయింది, కూడు అయింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఇవాళ దాని గోపురం చూసి ఫొటోలు దిగుతాం. ఆ రాళ్లు మోసినవాళ్లు చేయి చాపి అడుక్కోలేదు, భుజం పెట్టి సంపాదించుకున్నారు. ఇచ్చేటప్పుడు ఎదుటివాడి చేయి కింద, మన చేయి పైన ఉండకుండా చూసుకోవడం అన్నిటికన్నా కష్టమైన పని. ఆ ఇద్దరూ దానికి ఒక ఉపాయం కనిపెట్టారు.

సరే, ఎంత ఇవ్వాలి? ఈ ప్రశ్న రాగానే దశమభాగం మాట వస్తుంది. పదిలో ఒక వంతు. పాత నిబంధన ధర్మశాస్త్రంలో అది ఉంది. కానీ ద్వితీయోపదేశకాండం తీసి నెమ్మదిగా చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ప్రతి మూడో ఏటి దశమభాగాన్ని ఊరిలోనే నిలవ చేయాలి. సొంత భూమి లేని లేవీయుడు, పరదేశి, తండ్రిలేని పిల్లలు, విధవరాలు వచ్చి దానిలోంచి కడుపునిండా తినాలి. ఇక ప్రసంగాల్లో తరచూ వినపడేది మలాకీ మూడో అధ్యాయం. దశమభాగం తెండి, ఆకాశపు కిటికీలు తెరుచుకుంటాయని చెప్పడానికి పదో వచనం చదువుతారు. అయిదు వచనాలు వెనక్కి పోతే అదే అధ్యాయంలో కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్ల మీద, విధవరాలిని, తండ్రిలేనివాళ్లను బాధించేవాళ్ల మీద దేవుని కోపం కనపడుతుంది. చెరకు కొట్టిన కూలీకి డబ్బులు ఆపి, ఆ డబ్బులో పదోవంతు సంచిలో వేస్తే కిటికీలు తెరుచుకుంటాయా?

ఈ మధ్య ఇంకో బోధ బాగా నడుస్తోంది. టీవీలో, ఫోనులో వింటాం. విత్తనం వేయండి, నూరంతలు కోయండి అని. విత్తనమంటే డబ్బు. కింద క్యూఆర్ కోడ్. మా జహీరాబాద్ రైతుల ముందు విత్తనం గురించి మాట్లాడేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడి మహిళా సంఘాల ఆడవాళ్లు పాత విత్తనాలను వేపాకు వేసి, బూడిద కలిపి, బుట్టల్లో దాచినవాళ్లు. మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్న దళిత మహిళలు వాళ్లలోని వాళ్లే. విత్తనం లేనివాళ్లకు విత్తనం ఇస్తారు, పంట పండాక కాస్త ఎక్కువ కలిపి తిరిగి తీసుకుంటారు, దాన్ని ఇంకొకరికి ఇస్తారు. వానకు పూచీ ఎవరూ లేరని వాళ్లకు తెలుసు. నూరంతలకు హామీ రాసిచ్చేవాడు విత్తనాల వ్యాపారి. రైతు అలాంటి మాట అనడు. ఆశీర్వాదం కోసం పెట్టే పెట్టుబడి కానుక కాదు. అది పెళ్లి పందిట్లో నోటుబుక్కులో రాయించిన కట్నమే, దేవుడి పేరు మీద రాయించాం అంతే.

ఇవ్వడం ఒక్క క్రైస్తవుల సొత్తేమీ కాదు. మా పట్నంలో ముస్లిం ఇరుగుపొరుగు తమ నిలవ సంపదలో నూటికి రెండున్నర వంతు ఏటా జకాత్ తీస్తారు. పడమరన బసవకల్యాణం ఉంది. 12వ శతాబ్దంలో బసవన్న కాలాన అక్కడ మారయ్య, లక్కమ్మ అనే దంపతులు రాలిన బియ్యం ఏరుకుని వండి శివభక్తులైన శరణులకు పెట్టేవారట. ఒకరోజు మారయ్య మామూలు కన్నా ఎక్కువ బియ్యం తెచ్చాడు. మనకు ఇంత అక్కర్లేదు, పోయి తిరిగి పోసిరా అని లక్కమ్మ వెనక్కి పంపింది. ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు ముందు ఎంత ఉంచుకోవాలన్న ప్రశ్న ఉందని ఆమెకు తెలుసు. వెస్లీ 28 పౌన్ల దగ్గర ఆగినది కూడా అక్కడే. నిజామాబాద్ వైపు డిచ్‌పల్లిలో ఇజబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరు కుష్ఠు రోగుల ఆస్పత్రి పెట్టినప్పుడు పెద్ద విరాళం ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. పుండుకు మతం లేదని ఆ ఇద్దరికీ తెలుసు.

మరొక్క మాట, లెక్కల గురించి. ఇచ్చాక అడగకూడదని, అడిగితే విశ్వాసం తక్కువని కొందరంటారు. పౌలు అలా అనలేదు. యెరూషలేములో పేదల కోసం ఆయన ఊరూరా చందా పోగుచేశాడు. అందులో మాసిదోనియ సంఘాలు తామే పేదరికంలో ఉండి కూడా, ఈ పనిలో మమ్మల్నీ కలుపుకోండని బతిమాలి మరీ ఇచ్చాయి. అంత డబ్బు మోసుకుపోయేటప్పుడు పౌలు ఒంటరిగా పోలేదు. సంఘాలు ఎంచిన మనుషులను వెంట పెట్టుకున్నాడు. దేవుడి ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా ఈ డబ్బు విషయంలో మచ్చ పడకూడదని కొరింథువాళ్లకు విడమరచి రాశాడు. మా ఊరి చర్చి గోడమీద ఒక నల్లబోర్డు ఉండేది. పోయిన ఆదివారం వచ్చిన కానుక ఇంత, నూనెకు ఇంత, ఫలానా ఇంటి మందులకు ఇంత, మిగిలింది ఇంత. సుద్దముక్కతో రాసిన నాలుగు వరసలు. ఇచ్చినవాళ్ల పేర్లు అందులో ఉండేవి కావు. ఖర్చు మాత్రం దాచేవాళ్లు కారు. పేర్లు మైకులో చదివి, ఖర్చులు బీరువాలో పెట్టే కాలం వచ్చింది. రెండూ తలకిందులయ్యాయి.

ఇక కొంగు ముడి విప్పుదాం. ఆ పూట విధవరాలు ఏం తిన్నది?

మార్కు సువార్తలో ఆమె కథకు సరిగ్గా ముందు వరసల్లో ఏముందో చూడండి. విధవరాళ్ల ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి జాగ్రత్త పడమని యేసు హెచ్చరిస్తున్నాడు. ఆ వెంటనే ఆమె వచ్చి ఉన్నదంతా వేసి పోయింది. ఆ వెంటనే, ఈ దేవాలయం రాయి మీద రాయి లేకుండా పోతుందని ఆయన చెప్పాడు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఆయన గొంతులో మెప్పుతో పాటు బాధ కూడా వినిపిస్తుంది. ఆమె ఇచ్చింది, అది ఆమె గొప్పతనం. ధర్మశాస్త్రం ప్రకారం ఊరి దశమభాగంలో ఆమెకూ ఒక పాలుంది. పదమూడు పెట్టెలున్నాయి. వాటి పక్కన ఆమె ఇంటిదాకా నడిచిపోయే మనిషి ఒక్కడూ లేడు. అంత పెద్ద ఆలయానికి ఒక చిన్నమ్మ లేకపోయింది.

మా నాయనమ్మ సంగతిలో ఒక ముక్క మీకు చెప్పకుండా దాచాను. చిన్నమ్మ పొయ్యి ముట్టించింది కదా. ఎసరు మరిగింది. చాటలో సంఘం బియ్యం తీసుకుని ఎసట్లో పోయబోయింది. గోడకు ఆనుకుని కూర్చున్న నాయనమ్మ, "ఆగు బిడ్డా" అంది. నీరసంగానే ముందుకు జరిగింది. ఆ చాటలో చేయి పెట్టి ఒక పిడికెడు బియ్యం తీసి కుండలో వేసింది. మూకుడు పెట్టింది.

"ఇగ పొయ్యి" అంది.